మీ క్రోషే డిజైన్‌ని ప్యాటర్న్‌గా రాసి మీరే అమ్ముకోవడం: మామిడాకుల తోరణంతో మొదటి నుంచి చివరి దాకా

"తోరణం అల్లడానికి వారం పడుతుంది, అమ్మితే ఒక్కసారే డబ్బు వస్తుంది. దాని ప్యాటర్న్ రాసి అమ్మొచ్చంట కదా, ఎట్లా?" తిరుపతి, చిత్తూరు వైపు క్రోషే అల్లే అక్కాచెల్లెళ్లు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ముక్కలు ముక్కలుగా చెబితే అందరికీ సగం సగమే చేరుతోంది. అందుకే మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ప్యాటర్న్ అంటే ఒక వస్తువుని ఎలా అల్లాలో మెట్టు మెట్టుగా రాసిన కాగితం. ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. మీ ప్యాటర్న్ కొన్న మనిషికి మీరెవరో తెలియదు. పక్కన కూర్చుని చూపించడానికి మీరుండరు. ఆమెకున్న ఆధారమల్లా ఆ కాగితమే. కాగితం మీద రాయని కుట్టు లేనట్టే లెక్క. అందుకని ఈ పనిలో పుస్తకం ముందు, హుక్ తర్వాత. చాలామంది అల్లేసి, ఆ తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఉదాహరణకి మామిడాకుల తోరణాన్నే తీసుకుందాం. కింద ఇచ్చిన లెక్కలు నిజంగా అల్లుకోవడానికి పనికొచ్చేవే. ఒకసారి ఇదే అల్లి చూసి, ఆ తర్వాత మీ సొంత డిజైన్‌కి వెళ్లండి.

## 1. మొదటి ప్యాటర్న్‌కి ఏ వస్తువు మంచిది

చిన్నది, ఒకే ముక్క పదేపదే వచ్చేది, కొలత ఒక అంగుళం అటూ ఇటూ అయినా కొంప మునగనిది ఎంచుకోండి. తోరణం, కోస్టర్లు, దీపం కింద పరిచే గుండ్రటి మ్యాట్, తాళంచెవి బొమ్మ, ఇలాంటివి. పిల్లల గౌను, జాకెట్టు, స్వెట్టర్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. బట్టలకి ప్రతి సైజుకీ ఛాతీ, భుజం, చంక లోతు అన్నీ విడిగా లెక్కగట్టాలి. ఐదు సైజులు ఇస్తే ఐదు ప్యాటర్న్లు రాసినంత పని.

డిజైన్ మీదే అయి ఉండాలి. సింగిల్, డబుల్, గుండ్రటి పెరుగుదల లాంటి కుట్లు అందరివీ. వాటిని మీరు కూర్చిన తీరు, రాసిన మాటలు, గీసిన చార్టు (కుట్లని గుర్తులతో చూపించే బొమ్మ), తీసిన ఫొటో మీవి. ఇంకొకరి ప్యాటర్న్‌లో రంగు మార్చి, రెండు వరుసలు కలిపి మీదని అమ్మడం తప్పు. కార్టూన్ పాత్రల బొమ్మల ప్యాటర్న్లు కూడా వాటి హక్కుదారుల అనుమతి లేకుండా అమ్మకూడదు. మన ఊరి వాళ్లకి ఇంకో మాట: టీటీడీ పేరుని, చిహ్నాన్ని ప్యాటర్న్ పేరులోగాని కవర్ మీదగాని పెట్టొద్దు.

## 2. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు
- టేపు, 15 సెంటీమీటర్ల గట్టి స్కేలు
- గ్రాములు చూపించే వంటింటి డిజిటల్ కాటా
- కుట్టు గుర్తులు (లేకపోతే పిన్నీసులు చాలు)
- మొత్తం పనికి సరిపడా ఒకే లాట్ (ఒకేసారి రంగు వేసిన) దారం, దాని లేబుల్
- మిల్లీమీటర్లలో సైజు రాసి ఉన్న హుక్ (తోరణానికి 3.5 మి.మీ., పునాది చైన్‌కి 4 మి.మీ.)
- ఊలు కుట్టుకునే పెద్ద కన్ను సూది

దారం లేబుల్ పారేయకండి. అందులో ఉన్న పీచు రకం, గ్రాములు, మీటర్లు మూడూ ప్యాటర్న్‌లోకి ఎక్కాలి. కొనేవాళ్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, మీరు వాడిన బ్రాండ్ వాళ్లకి దొరక్కపోవచ్చు. "50 గ్రాములకి 125 మీటర్లు, నూలు" అని రాస్తే దానికి సరిపోయేది వాళ్లే వెతుక్కుంటారు.

ఇక్కడి ఫ్యాన్సీ దుకాణాల్లో కొన్నిసార్లు లేబుల్ లేని దారం తూకానికి ఇస్తారు. అది వాడక తప్పకపోతే రెండు పనులు చేయండి. సరిగ్గా 10 మీటర్లు కొలిచి కత్తిరించి, తెలిసిన బంగారు కొట్టు కాటా మీద తూచమని అడగండి. వంటింటి కాటా అంత చిన్న బరువుని సరిగా పట్టదు. తర్వాత దారాన్ని స్కేలు చుట్టూ, లాగకుండా, పక్కపక్కనే చుట్టి ఒక అంగుళంలో ఎన్ని చుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. ఈ రెండు అంకెలూ ఉంటే దారం లావు ఎవరికైనా అర్థమవుతుంది.

## 3. గేజ్: 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు

గేజ్ రాయని ప్యాటర్న్‌ని అమ్మకానికి పెట్టొద్దు. చేతి బిగువు మనిషి మనిషికీ మారుతుంది. ఆకులు కట్టడానికి మీరు 90 సెంటీమీటర్లకి అల్లిన పట్టీయే ఇంకొకరి చేతిలో 80కి ముడుచుకుంటుంది, వాకిలికి చాలదు.

15 సెంటీమీటర్ల చదరం సింగిల్ కుట్టుతో అల్లండి. ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టండి. నూలు దారం ఉతికాక తీరు మారుతుంది కాబట్టి ఉతక్కముందు లెక్క పనికిరాదు. ఆరిన తర్వాత అంచులు వదిలేసి, మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. రెండు మూడు చోట్ల చూడండి. అర కుట్టు వస్తే అర కుట్టనే రాయండి.

మన తోరణానికి గేజ్ 10 సెం.మీ.కి 18 సింగిల్ కుట్లు అనుకుందాం. మీకు 20 వస్తే హుక్ పెద్దది తీసుకోండి, 16 వస్తే చిన్నది. ఈ సలహా ప్యాటర్న్‌లో కూడా రాయాలి.

## 4. ముందు లెక్క, తర్వాత అల్లిక

ఇక్కడ తొందరపడకండి. పని అంతా ఇందులోనే ఉంది.

పట్టీ లెక్క. వాకిలి వెడల్పు 90 సెం.మీ. 10 సెం.మీ.కి 18 కుట్లయితే 90కి 162 కుట్లు. ఆకుకీ ఆకుకీ మధ్య 5 సెం.మీ. కావాలి, అంటే 9 కుట్లు. 162ని 9తో భాగిస్తే 18 ఆకులు. శేషం లేదు, బాగుంది. ప్రతి 9 కుట్ల గడిలో ఐదో కుట్టు దగ్గర ఆకు కడితే అటు నాలుగు, ఇటు నాలుగు మిగిలి రెండు కొసలూ సమానంగా ఉంటాయి.

ఇలా 9 గుణిజం అని దొరికిందంటే మిగతా సైజులు మీ చేతిలో ఉన్నట్టే:

- 90 సెం.మీ.: 162 కుట్లు, 18 ఆకులు
- 105 సెం.మీ.: 189 కుట్లు, 21 ఆకులు
- 120 సెం.మీ.: 216 కుట్లు, 24 ఆకులు

ఈ మూడూ ప్యాటర్న్‌లో ఇవ్వండి. "మీ వాకిలి కొలతకి 9 గుణిజంలో ఎన్ని కుట్లయినా వేసుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం కూడా చేర్చండి. సైజు గురించి వచ్చే ప్రశ్నలు సగం తగ్గిపోతాయి.

ఆకు లెక్క. ఆకు పొడవు 8 సెం.మీ. కాస్త పైన ఉండాలి. 10 సెం.మీ.కి 18 చొప్పున 15 కుట్లు. తిరిగే చైన్ ఒకటి కలిపి 16 చైన్లు. చైన్‌కి రెండు వైపులా అల్లుతాం. నడుమ లావుగా, కొసల్లో సన్నగా రావాలంటే పొట్టి కుట్టు నుంచి పొడుగు కుట్టుకి వెళ్లి, మళ్లీ పొట్టి కుట్టుకి దిగాలి (స్లిప్ అన్నిటికన్నా పొట్టి, తర్వాత సింగిల్, హాఫ్ డబుల్, డబుల్). పుస్తకంలో ఇలా రాసుకోండి:

16 చైన్లు.
మొదటి వైపు: హుక్ నుంచి 2వ చైన్‌లో స్లిప్ 1, తర్వాత సింగిల్ 2, హాఫ్ డబుల్ 2, డబుల్ 6, హాఫ్ డబుల్ 2, సింగిల్ 1. (14 కుట్లు)
కొన: చివరి చైన్‌లోనే సింగిల్ 1, చైన్ 2, సింగిల్ 1.
రెండో వైపు: పనిని తిరగేయకుండా, అలాగే చుట్టూ తిప్పి చైన్ అడుగు వైపున సింగిల్ 1, హాఫ్ డబుల్ 2, డబుల్ 6, హాఫ్ డబుల్ 2, సింగిల్ 2, స్లిప్ 1. (14 కుట్లు)
కాడ: 4 చైన్లు వేసి, ఆకు మొదట్లో స్లిప్ కుట్టుతో కలిపి ఉంగరంలా చేయండి. దారం కత్తిరించి ముడేయండి.
మొత్తం: 30 కుట్లు, కొనలో 2 చైన్ల సందు.

ఈ చివరి లైను చూశారా, "30 కుట్లు" అన్నది? అదే మీ ప్యాటర్న్‌కి వెన్నెముక. ప్రతి వరుస చివరా కుట్ల లెక్క ఉండాలి. అల్లేవాళ్లు ఎక్కడ తప్పారో వాళ్లకే తెలుస్తుంది.

ఈ ఆకులో ఎక్కువమంది తప్పే చోటు కొన. ముడి పక్కన ఉన్న మొట్టమొదటి చైన్ చిన్నగా నలిగిపోయి కనిపిస్తుంది. దాన్ని ముడి అనుకుని వదిలేసి, ముందున్న చైన్‌లోనే కొన అల్లేస్తారు. ఒక వైపు 13 కుట్లే వచ్చి ఆకు వంకరపోతుంది. అందుకని ప్యాటర్న్‌లో "మొదటి చైన్‌కి పిన్నీసు పెట్టుకోండి, కొన దానిలోనే రావాలి" అని రాసి, దగ్గరగా తీసిన ఫొటో ఒకటి పెట్టండి. మీ డిజైన్‌లో ఇలాంటి చోటు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం మీ బాధ్యత.

కట్టడం. పట్టీకి 4 మి.మీ. హుక్‌తో 163 చైన్లు, తర్వాత 3.5 హుక్‌కి మారి 2వ చైన్ నుంచి 162 సింగిళ్లు, అలా మూడు వరుసలు. నాలుగో వరుసలో: సింగిల్ 4, ఆకు కాడ ఉంగరాన్నీ పట్టీ కుట్టునీ కలిపి పట్టుకుని సింగిల్ 1, సింగిల్ 4. ఈ గడి మొత్తం 18 సార్లు. పునాది చైన్‌కి పెద్ద హుక్ ఎందుకంటే, అందరి చేతిలోనూ చైన్ బిగుస్తుంది, పట్టీ విల్లులా వంగుతుంది.

ఇంకొకటి. 18 ఆకుల బరువుకి పట్టీ నడుమ జారుతుంది. రెండు కొసల్లోనే కాక ప్రతి 30 సెం.మీ.కీ ఒక ఉంగరం పెట్టండి. 90కి నాలుగు ఉంగరాలు.

గుండ్రటి మ్యాట్లు, బొమ్మలు చేసేవాళ్లకి ఒక చిన్న సూత్రం: సింగిల్‌తో అయితే 6తో మొదలుపెట్టి ప్రతి రౌండుకీ 6 పెంచండి (6, 12, 18, 24...), డబుల్‌తో అయితే 12తో మొదలుపెట్టి 12 చొప్పున. పెంచే కుట్లు ప్రతి రౌండులోనూ ఒకదాని మీద ఒకటి పడితే గుండ్రం కాస్తా షట్కోణమవుతుంది. రౌండు విడిచి రౌండు వాటి చోటు జరపండి. అంచు లేచి గిన్నెలా అయితే పెంచింది తక్కువ, ముడతలు పడితే ఎక్కువ.

## 5. రాసే పద్ధతి

అమెరికా పేర్లు, బ్రిటన్ పేర్లు వేరు. అమెరికా వాళ్లు సింగిల్ అనే కుట్టుని బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్. మన దగ్గర యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా అమెరికా పేర్లే వాడుతున్నారు. మీరు ఏది వాడినా మొదటి పేజీలోనే "ఇవి అమెరికా పేర్లు" అని పెద్దగా రాయండి. ఇది రాయకపోతే ఒకరి ఆకు మామిడాకులాగా, ఇంకొకరిది వేపాకులాగా వస్తుంది.

తెలుగు ప్యాటర్న్‌లో పొట్టి గుర్తులు మీరే నిర్ణయించుకోవచ్చు: చై, సిం, హాడ, డ, స్లి. ఒకసారి పట్టిక ఇచ్చాక చివరి వరకూ అవే వాడాలి. ఒక చోట "సిం", ఇంకో చోట "సింగిల్", మరో చోట "ఎస్‌సి" అని రాస్తే చదివేవాళ్లు మూడూ వేరనుకుంటారు.

రాసేటప్పుడు చూసుకోవాల్సినవి:

- "మరో 17 సార్లు" వేరు, "మొత్తం 18 సార్లు" వేరు. ఎప్పుడూ "మొత్తం" అనే రాయండి.
- వరుస మొదట్లో వేసే చైన్ ఒక కుట్టుగా లెక్కకి వస్తుందో రాదో చెప్పాలి. మన పట్టీలో రాదు.
- పని తిరగేయాలా, అలాగే కొనసాగాలా ప్రతిచోటా చెప్పాలి.
- ఒకే కుట్టులో రెండు వేయడాన్నీ, రెండు కుట్లలో ఒక్కొక్కటి వేయడాన్నీ తేడా తెలిసేలా రాయాలి. "తర్వాతి కుట్టులోనే 2 సిం" అని ఒకటి, "తర్వాతి 2 కుట్లలో ఒక్కో సిం" అని ఇంకొకటి.
- "కావలసినన్ని", "సరిపడా", "అందాజుగా" అన్న మాటలు కొట్టేయండి. అంకె పెట్టండి.

తెలుగుతో పాటు ఇంగ్లిషులోనూ ప్యాటర్న్ ఉంటే బయటి దేశాల్లో అమ్మొచ్చు. అయితే రెండూ ఒకేసారి రాయకండి. ముందు ఒకటి పూర్తిగా సరిచేసి, టెస్ట్ అయ్యాక దాన్ని రెండో భాషలోకి తీసుకెళ్లండి. లేకపోతే ఒకదాంట్లో దిద్దిన తప్పు ఇంకోదాంట్లో అలాగే ఉండిపోతుంది.

## 6. మీరు రాసింది చూసి మీరే మళ్లీ అల్లండి

పుస్తకాన్ని నాలుగైదు రోజులు పక్కన పెట్టేయండి. తర్వాత కొత్తగా దారం తీసుకుని, కాగితం మీద ఏం రాసి ఉందో అదే అల్లండి. చెయ్యి అలవాటుకొద్దీ ముందుకు పోతుంటుంది, ఆపండి. కాగితంలో లేనిదేదైనా చెయ్యి చేసిందంటే అక్కడ ఒక వాక్యం తక్కువైందన్న మాట. ఎర్ర పెన్నుతో అక్కడే రాసుకోండి.

ఈ రెండో నమూనాతోనే దారం లెక్క తేల్చండి. మొదలుపెట్టే ముందు, అయిపోయాక ఉండని తూచండి. 50 గ్రాములకి 125 మీటర్ల దారం 64 గ్రాములు ఖర్చయిందనుకుందాం. 64ని 50తో భాగించి 125తో గుణిస్తే 160 మీటర్లు. దానికి పదో వంతు కలిపి 176 మీటర్లు అని రాయండి. రంగులు రెండుంటే రంగుకో లెక్క. ఆకుపచ్చ ఒక్క ఆకుకి చాలకపోతే ఇంకో లాట్ తెచ్చుకోవాలి, ఆ పచ్చ ఈ పచ్చతో కలవదు.

## 7. ఫొటోలు, చార్టు

ఫోన్ కెమెరా చాలు. పొద్దున తొమ్మిది లోపు మిద్దె మీద నీడలోనో, కిటికీ పక్కనో తీయండి. మన ఎండలో పది దాటాక తీస్తే కుట్ల నీడలు నల్లగా పడి, పచ్చ దారం పసుపుగా కనిపిస్తుంది. ఫ్లాష్ వద్దు. నేర్పించే ఫొటోలకి లేత రంగు దారం వాడండి, నల్లదారంలో కుట్టు కనిపించదు.

తోరణానికి ఈ ఫొటోలు కావాలి: వాకిలికి కట్టింది మొత్తంగా ఒకటి, ఒక ఆకు పక్కన స్కేలు పెట్టి ఒకటి, కొన అల్లే చోటు, చైన్ అడుగు వైపు తిరిగే చోటు, కాడని పట్టీకి కలిపే చోటు. ఎక్కడ తికమక ఉందో అక్కడే ఫొటో. మామూలు వరుసలకి ఫొటో అక్కర్లేదు, పేజీలు పెరుగుతాయంతే.

చార్టు గీస్తే భాష రాని వాళ్లు కూడా అల్లగలరు. చైన్‌కి చిన్న కోడిగుడ్డు ఆకారం, స్లిప్‌కి చుక్క, సింగిల్‌కి ఇంటూ లేదా కూడిక గుర్తు, హాఫ్ డబుల్‌కి ఇంగ్లిషు T లాంటి గుర్తు, డబుల్‌కి అదే T నిలువు గీత నడుమ ఇంకో అడ్డ గీత. గళ్ల పుస్తకంలో గీసి శుభ్రంగా స్కాన్ చేసినా చాలు. గళ్ల అల్లిక డిజైన్లకి స్టిచ్ ఫిడిల్ అనే వెబ్‌సైట్ ఉంది.

## 8. టెస్టర్లు: ఈ మెట్టు దాటేయొద్దు

మీ ప్యాటర్న్ చూసి అల్లి, తప్పులు చెప్పేవాళ్లే టెస్టర్లు. ముగ్గురు నుంచి ఐదుగురి వరకు చాలు. వాళ్లలో ఒకరు ఈ మధ్యే నేర్చుకున్నవాళ్లు అయి ఉండాలి. ఇంట్లో వాళ్లూ, మీ దగ్గరే నేర్చుకున్నవాళ్లూ టెస్టర్లుగా పనికిరారు. మీ పద్ధతి వాళ్లకి ముందే తెలుసు కాబట్టి రాయనిది కూడా వాళ్ల చెయ్యి పూరించేస్తుంది.

మూడు వారాల గడువు ఇవ్వండి. మామూలుగా టెస్టర్లు దారం వాళ్లే కొనుక్కుంటారు, మీరు ప్యాటర్న్ ఉచితంగా ఇస్తారు. వీలైతే మీ ఇంకో ప్యాటర్న్ కూడా ఇవ్వండి. వాళ్ల ఫొటోలు వాడుకోవాలంటే ముందే అడిగి ఒప్పించుకోండి.

వాళ్లని అడగాల్సినవి:

1. వచ్చిన గేజ్ ఎంత? ఏ హుక్?
2. తోరణం పొడవు, ఆకు పొడవు ఎంత వచ్చింది?
3. ఎన్ని గ్రాముల దారం పట్టింది?
4. ఏ లైను రెండుసార్లు చదవాల్సి వచ్చింది?
5. ఎక్కడైనా మీ సొంత ఆలోచనతో సర్దుకున్నారా?

నాలుగు, ఐదు ప్రశ్నల జవాబులు బంగారం. ఎవరైనా ఫోన్ చేసి "ఇక్కడ ఏం చేయాలి" అంటే మాటతో చెప్పి వదిలేయకండి. ఆ వాక్యాన్ని మార్చి కొత్త కాపీ పంపండి. ఇద్దరు ఒకే చోట ఆగారంటే తప్పు వాళ్లది కాదు, వాక్యానిది.

డబ్బు పెట్టగలిగితే టెక్ ఎడిటర్ అని ఉంటారు. వాళ్లు అల్లరు, లెక్కలూ రాతా సరిచూస్తారు. తోరణానికి అవసరం లేదు. సైజులున్న బట్టలకైతే తప్పనిసరి అంటాను.

## 9. పీడీఎఫ్ తయారీ

పేజీల వరుస ఇలా పెట్టండి: కవర్ ఫొటో, పేరు, కావలసినవి, గేజ్, పూర్తయిన కొలత, గుర్తుల పట్టిక, మెట్లు, చార్టు, కట్టడం, ఉతికే తీరు, మీ పేరు, ఈమెయిల్, హక్కుల మాట.

ఏ4 సైజు, అక్షరాలు కనీసం 11 పాయింట్లు. కొన్నవాళ్లు చాలామంది జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో ప్రింట్ తీయించుకుంటారు. రంగు అక్షరాలతోనే తేడా చూపిస్తే అక్కడ పోతుంది. కవర్ ఒక్కటి పూర్తి రంగుల్లో ఉంటే చాలు. ఒక ఆకు మెట్లన్నీ ఒకే పేజీలో ఉండేలా సర్దండి.

తెలుగు ఫాంట్ దగ్గర జాగ్రత్త. డీటీపీ సెంటర్లలో చాలా చోట్ల అను ఫాంట్లు వాడతారు. ప్రింటుకి అవి బాగుంటాయి, కానీ అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. పీడీఎఫ్‌లో "గేజ్" అని వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోనే చేయమని గట్టిగా చెప్పండి. మీరే చేసుకుంటే గూగుల్ డాక్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి ఫాంట్లు హాయిగా పనిచేస్తాయి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి. తయారైన పీడీఎఫ్‌ని ఇంకొకరి ఫోన్‌లో తెరిచి, "స్లిప్", "కుట్టు" లాంటి ఒత్తులున్న మాటలు చూసుకోండి.

ఉతికే తీరు రాయడం మరవద్దు. తోరణానికి పసుపు, కుంకుమ, ధూపం పొగ, ఎండ అన్నీ తగులుతాయి. చల్లనీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, నీడలో పరిచి ఆరబెట్టమనండి. తడిగా దండెం మీద వేలాడదీస్తే ఆకులు సాగిపోతాయి.

ఫైలు పేరులోనే వెర్షన్ ఉండాలి: "మామిడాకుల తోరణం, వెర్షన్ 1". దీని అవసరం చివర్లో తెలుస్తుంది.

## 10. ధర, అమ్మే చోటు, డబ్బు చేరే దారి

మన దేశంలో చిన్న ప్యాటర్న్‌కి 99 నుంచి 199 రూపాయల మధ్య పెట్టమంటాను. విదేశాల్లో ఇలాంటి వాటిని 4 నుంచి 7 డాలర్లకి అమ్ముతున్నారు. ఉచితంగా ఒకటి పెట్టాలనుకుంటే ఒక్క ఆకుది పెట్టండి, తోరణం మొత్తం కాదు. ఉచితమైనా దానికీ టెస్టింగ్ అంతే శ్రద్ధగా చేయండి, మీ రాత ఎలా ఉంటుందో కొనేవాళ్లు దాన్ని చూసే తేల్చుకుంటారు.

బయటి దేశాల వాళ్లకి అమ్మడానికి రావెల్రీ, ఎట్సీ, పేహిప్ లాంటి వెబ్‌సైట్లున్నాయి. రావెల్రీ అల్లికల వాళ్ల కోసమే ఉన్నది, అక్కడ దారం లావు, హుక్ సైజు, మీటర్లు అన్నీ విడివిడిగా నింపాలి. ఆరో మెట్టులో లెక్క తేల్చారు కాబట్టి మీకు కష్టం కాదు. ఎట్సీలో ప్రతి లిస్టింగ్‌కి (అమ్మకానికి పెట్టే ఒక్కో వస్తువుకి) 0.20 డాలర్లు, అది 4 నెలలు ఉంటుంది. అమ్మినప్పుడు 6.5 శాతం వేరే. అంటే 5 డాలర్ల ప్యాటర్న్ మీద 0.52 డాలర్ల పైనే పోతుంది, చెల్లింపు రుసుము ఇంకా అదనం. ధర పెట్టేటప్పుడే ఇది చూసుకోండి. పేహిప్‌లో కొన్నవాళ్ల ఈమెయిల్‌ని పీడీఎఫ్ మీద ముద్రించే సదుపాయం ఉంది. గ్రూపుల్లో ఫార్వర్డ్ అయిపోతుందన్న భయం ఉన్నవాళ్లకి అది కొంత ఊరట.

డబ్బుకి రెండు దారులు విడిగా పెట్టుకోండి. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపల చెల్లింపులు ఆపేసింది. అందుకని విదేశాల నుంచి వచ్చేదానికి పేపాల్, మన వాళ్లకి యూపీఐ లేదా పేమెంట్ లింకు. పేపాల్ ఖాతాకి పాన్, బ్యాంకు ఖాతా కావాలి. పాన్‌లో, బ్యాంకులో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు ఒకచోట మారి, ఇంకోచోట మారకపోతే అక్కడే ఆగిపోతారు.

సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటేదాకా మన రాష్ట్రంలో సాధారణంగా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆదాయపు పన్ను లెక్క మాత్రం మొదటి రూపాయి నుంచీ రాసుకోండి. విదేశీ డబ్బు నెలనెలా రావడం మొదలైతే ఒకసారి ఆడిటర్‌ని కలవండి.

కాపీరైట్ గురించి: 1957 చట్టం ప్రకారం మీరు రాసిన మరుక్షణమే మీ రాతకీ, చార్టుకీ, ఫొటోలకీ హక్కు వస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వివాదం వస్తే సాక్ష్యంగా ఉపయోగపడుతుంది. నోటుబుక్కు చిత్తుప్రతులు, టెస్టర్లతో నడిచిన ఈమెయిళ్లు తేదీలతో సహా దాచుకోండి. ప్యాటర్న్ చివర "ఈ ఫైలుని పంచవద్దు, అల్లిన తోరణాలు మీరు అమ్ముకోవచ్చు" అని రాయండి. మన దగ్గర అల్లి అమ్ముకుని బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకి ఆ అనుమతి స్పష్టంగా ఇవ్వడమే సరైనదని నా అభిప్రాయం.

## 11. విడుదల రోజు, ఆ తర్వాత

తోరణం పండగ వస్తువు. ఉగాదికి కావాలంటే ఫిబ్రవరి మొదట్లోనే విడుదల చేయాలి, దసరాకైతే ఆగస్టులో. కొన్నవాళ్లకి దారం తెచ్చుకుని 18 ఆకులు అల్లే తీరిక ఉండాలి కదా.

విడుదలకి ముందు ఒక్కసారి:

- గేజ్, హుక్, దారం మీటర్లు, పూర్తయిన కొలత ఉన్నాయా
- ఏ దేశం పేర్లు వాడారో మొదటి పేజీలో ఉందా
- ప్రతి వరుస చివరా కుట్ల లెక్క ఉందా
- మాటల్లో ఉన్నదీ చార్టులో ఉన్నదీ ఒకటేనా
- మూడు సైజుల అంకెలూ మళ్లీ కాలిక్యులేటర్‌తో చూశారా
- నలుపు తెలుపు ప్రింటు తీసి చూశారా
- కొనుగోలు లింకు ఇంకొకరి ఫోన్ నుంచి పరీక్షించారా

అమ్మకం మొదలయ్యాక తప్పు బయటపడితే దాచకండి. అదే రోజు సరిచేసి, ఫైలుని "వెర్షన్ 2" చేసి, మొదటి పేజీలో ఏ లైను మారిందో తేదీతో రాయండి. కొన్న ప్రతి ఒక్కరికీ కొత్త ఫైలు ఉచితంగా పంపండి. యూపీఐ ద్వారా నేరుగా కొన్నవాళ్ల ఈమెయిళ్లు మొదటి నుంచీ ఒక షీట్‌లో రాసుకుని ఉంటే ఈ పని అరగంటలో అయిపోతుంది.

వచ్చిన ప్రశ్నలన్నీ కూడా ఒకచోట రాసి పెట్టుకోండి. ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే జవాబు ప్యాటర్న్‌లోకి ఎక్కించి, వెర్షన్ అంకె మార్చండి.